మేకుకు మడిచి వేలాడదీసిన ముక్క

మౌలాలి మామ ఇక లేడు. ప్రొద్దుటూరులో నాలుగు దశాబ్దాలు సొంత అచ్చుయంత్రం నడిపిన మనిషి, కొలత తప్పని కోతకు మారుపేరైన మనిషి, పోయిన నెల ఒక బుధవారం ఉదయం పులివెందులలో, పరాయివాళ్ల అంగడిలో, పరాయివాళ్ల కోత మిషను ముందు కూలిపోయి ప్రాణం విడిచాడు. ఆ దుర్వార్త జమ్మలమడుగులో నేను పనిచేసే జిరాక్సు అంగడికి ఫోనులో వచ్చింది. చేసింది ఆయన భార్య బీబమ్మత్త. "పాపా, మీ మామ పాయె. ఇంగ ఏ బస్సూ ఎక్కేది లేదు," అని పెట్టేసింది. అప్పుడు నా మిషను మీద ఒక రైతు పాసుపుస్తకం ఉంది. ఆపు మీట నొక్కడం మరిచిపోయాను. ఒక్క కాపీ అడిగిన ఆయనకు ఇరవై దాకా వచ్చాయి. ఆయన వాటిని పక్కన పెట్టి, "ఏమైందమ్మా, ఎవురు పోయినారు?" అని అడిగాడు. మా నాయన అని చెప్పాను.

ప్రొద్దుటూరు అచ్చుపనివాళ్లు ఆయన నలభయ్యో రోజున సభ పెడుతున్నారు. మీ చేతిలో ఉన్న ఈ చిన్న పుస్తకం ఆ సభలో పంచడానికే. పన్నెండేళ్లు ఆయన దగ్గర కంప్యూటరు మీద అక్షరాలు కూర్చిన ఓబులమ్మను కాబట్టి, ఈ పుస్తకం కూర్చే పని నాకే ఇచ్చి, రెండు పుటల్లో నాలుగు మంచి మాటలు కూడా రాయమన్నారు. ఆయన గురించి మంచి మాటలకు నాకు కొదువ లేదు. అయితే ఆ సభకు అధ్యక్షుడిగా కూర్చోబోతున్న పెద్దమనిషి గురించి కూడా రాస్తాను. చచ్చినవాళ్ల పేరిట రాసే వ్యాసంలో పగ పనికిరాదని పెద్దలు అంటారు. నాకు ఎనిమిదేళ్లుగా ఉన్నది అదే. దాచుకుని ఏడిస్తే ఆ ఏడుపు దొంగ ఏడుపవుతుంది.

మొదట ఆయన విద్య గురించి చెప్పాలి. కాగితం ఆయనకు కంటితో కంటే వేలితో ఎక్కువ తెలిసేది. డెమ్మీ, క్రౌన్, ఫుల్‌స్కేప్, లీగల్ ఏదైనా సరే, దస్తా అంచును బొటనవేలితో ఒకసారి నిమిరి కొలత చెప్పేవాడు. నేను చేరిన కొత్తలో, కంప్యూటరులో ఒక్కోసారి 'లెటర్' అనే సైజు దానంతటదే వచ్చి కూర్చునేది. ఏ ఫోర్ కాగితానికీ దానికీ తేడా ఏముందిలే అన్నాను. ఆయన రెండింటినీ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పరిచాడు. లెటర్ కాగితం పొడవులో ముప్పాతిక అంగుళం తక్కువ, వెడల్పులో పావు అంగుళం ఎక్కువ. "సూడు పాపా. ఇది పొట్టిగా బొద్దుగా ఉండే మనిషి, అది పొడుగ్గా సన్నగా ఉండే మనిషి. ఒగరి చొక్కా ఇంగొగరికి తొడిగితే గుండీలు పడవు. పావు అంగుళమే గదా అనుకుంటావు. కాగితానికి పావు అంగుళమంటే మనిషికి మాట తప్పినట్ల," అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

మా ప్రెస్సులో పెండ్లిపత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, రసీదు పుస్తకాలు అన్నీ అచ్చయ్యేవి. కానీ ఆయన ప్రాణమంతా ఆట పటాల మీదే. వైకుంఠపాళి, అష్టాచెమ్మ పటాలు వేసి శ్రావణమాసం శనివారాలకు గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర అంగళ్లు పెట్టేవాళ్లకు ఇచ్చేవాడు. ముసల్మాను అచ్చువేసిన వైకుంఠపాళి మీద హిందువుల పిల్లలు మోక్షానికి పోతుండారని ఎవరైనా ఎకసెక్కం చేస్తే, "నిచ్చెన ఎక్కేటోని కులం నాకేంటికప్పా, నిచ్చెన గట్టిగా ఉండాదా ల్యాదా అనేదే నా పని," అనేవాడు. ఒక సంవత్సరం వైకుంఠపాళిలో పెద్ద పాము తల ఒక గడి పక్కకు పడింది. అమ్మేవాళ్లు పరవాలేదన్నారు, కొనేవాళ్లకు తెలియనే తెలియదన్నారు. ఆయన ఆ కట్టంతా కోత మిషను కింద పెట్టి, బిస్మిల్లా అని చదివి, చిత్తుకాగితాలుగా కోసి పారేశాడు. "పాము ఎవుర్ని మింగాల్నో వాళ్లనే మింగాల. పక్కింటోన్ని మింగితే అది ఆట గాదు, అన్యాయం," అన్నాడు. 

పులిజూదం పటం ఆయన జీవితంలో పెద్ద పని. గండికోట జలాశయంలో ఊరు మునిగి, కొండాపురం పక్క కాలనీకి చేరిన గంగన్న అనే గొర్రెల కాపరి ఒకసారి కూతురి పెండ్లిపత్రికలకు మా ప్రెస్సుకు వచ్చాడు. పత్రిక కొలతలు మాట్లాడుతూ మాట్లాడుతూ, సుద్దముక్క అడిగి, నేల మీద పులిజూదం గీతలు గీశాడు. వాళ్ల ఊర్లో బండ మీద చెక్కిన గీతలు, ఇప్పుడు నీళ్ల అడుగున ఉన్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని పులులు తినాలి, పులుల్ని మేకలు కట్టేయాలి. మౌలాలి మామ ఆ గీతలను కొలబద్ద పెట్టి ఎత్తి రాసుకున్నాడు. వారం తరువాత నమూనా చూపిస్తే గంగన్న పెదవి విరిచాడు. "ఏం సాయిబూ, మేకలన్నీ ఒగే మాదిరి గీసినావు? ఇవి మేకలా, శనిగ గింజలా? మా కర్రిమేకకు చెవు చినిగి ఉంటాది. దాన్ని యాడ పెట్టినావు?" అన్నాడు. ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవాళ్లు. మామ గంగన్నను కూర్చోబెట్టి, ఆయన మందలోని పదిహేను మేకల గుర్తులు అడిగి రాయించుకుని, పదిహేను అట్టముక్కల మీద పదిహేను రకాల మేకలు వేయించాడు. బొల్లిది, కర్రిది, ఒంటికొమ్ముది, చెవు చినిగింది. పటం కింద గంగన్న బొమ్మ కూడా వేయించాడు. ఆ పటాలు కాలనీల్లో ఇంటింటికీ పోయాయి. ఊరు పోయినా ఆట మిగిలిందని ముసలివాళ్లు చేతులెత్తి మొక్కారు. అటువంటి కార్యం ఈ జిల్లాలో ఏ పండితుడు చేశాడో నాకు చెప్పండి.

ఇక పెద్దమనిషి దగ్గరికి వస్తాను. పేరు రాయను. ఆయన పేరు అచ్చు వేయడానికి నా సిరా వృథా చేయను. ఆయన గండికోటలో పర్యాటకులకు విడిది నడుపుతాడు. విడిది పెట్టి ఏడాది నిండిన సందర్భంగా వేడుక తలపెట్టి, వచ్చినవాళ్లకు పంచడానికి మా పులిజూదం పటం పెద్దది కావాలన్నాడు. నాలుగు కాగితాలు అతికించుకుంటే ఒక పటం కావాలి. పై సగం బొమ్మలు ఎవరో హైదరాబాదు మనిషి చేత వేయించాడు. వాటి కంప్యూటరు కొలత లెటర్. కింది సగంలో గంగన్న బొమ్మ తీసేసి తన ఫోటో పెట్టమని సొంత ఆఫీసులో చేయించాడు. దాని కొలత ఏ ఫోర్. రెండూ పెన్ డ్రైవులో పెట్టుకుని, వేడుక రెండు రోజులుందనగా వచ్చి కూర్చున్నాడు.

మామ చూడగానే కొలబద్ద తీశాడు. "అప్పా, ఇవి రెండు కొలతల్లో ఉండాయి. పైది కాగితానికి సరిపెడితే కొంచెం కుంచించుకపోతాది, కిందిది ఉన్నట్లే వస్తాది. గీతలు కలవవు. అన్నీ ఒగే కొలతలో చేయించి పంపిచ్చు, రాత్రీ పగలూ కూర్చోని కొట్టిస్తా," అన్నాడు.

"ఏందప్పా మౌలాలీ, కాగితం కాగితమే గదా! ఫిట్ చేసి కొట్టు. ఎల్లుండి వేడుక పెట్టుకోని నాకు కొలతల పాఠం చెప్తాండావు," అన్నాడు పెద్దమనిషి.

మా ప్రెస్సులో ఒక ఆచారం ఉండేది. ఏ పనికైనా నమూనా కాగితం అంచు నుంచి అంగుళం వెడల్పు ముక్క కోసేవాళ్లం. దాని మీద మామ పెన్సిలుతో కొలతలు వేసేవాడు. పని ఇచ్చినవాళ్లు 'ఇట్లే కొట్టండి' అని రాసి సంతకం చేయాలి. సరిచూసినవాళ్లు 'సరి' అని రాసి పొడి అక్షరం పెట్టాలి. అది లేనిదే అచ్చు మొదలయ్యేది కాదు. ఆ ముక్కను దారానికి గుచ్చి గోడ మేకుకు తగిలించేవాడు. దాన్ని గవాయి అనేవాడు, సాక్ష్యం అని. పెద్దమనిషి ఫోనులో మాట్లాడుతూనే ఆ ముక్క మీద రాసి సంతకం గీకాడు. కారు బయట నిలబడి హారను కొడుతూనే ఉంది. పటాలు అచ్చయ్యాయి, కోత అయింది, నాలుగు కాగితాలూ విడివిడిగా సంచుల్లో పెట్టి పంపాము. అతికించుకునే పని తీసుకున్నవాళ్లది.

గండికోటలో ఆ సాయంత్రం నేనూ ఉన్నాను, మామ వెంట పోయాను. గంగన్న కూడా కాలనీ నుంచి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కుటుంబాలు కుటుంబాలుగా జనం చాపల మీద కూర్చుని పటాలు అతికించుకున్నారు. నడిమి గీత కలిసింది. అంచులకు పోయే కొద్దీ గీతలు తప్పుకున్నాయి. చివరి గీతకు వచ్చేసరికి పావు అంగుళం తేడా. పులి దిగాల్సిన చోట దారి లేదు, మేక నిలబడాల్సిన చోట గీత లేదు. ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. అప్పుడు పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. "నా తప్పేం ల్యాదప్పా. ప్రొద్దుటూరు సాయిబు చేతికిచ్చినా. ముసలోనికి కండ్లు కనపడవు, కోసేది చేతగాదు. వాని వల్ల నా పరువు పాయ," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆ మాటను ఫోన్లలో పట్టుకున్నారు. మామ జనం మధ్య నిలబడి టోపీ సరిచేసుకున్నాడు, అంతే. గంగన్న చాప మీది పటం తీసి మడిచి సంకలో పెట్టుకుని, "పద సాయిబూ, పోదాం," అన్నాడు.

ఆ నాలుగు మాటలు ప్రొద్దుటూరుకు మాకంటే ముందు చేరాయి. బడులవాళ్లు ప్రశ్నపత్రాలు వేరేచోట ఇచ్చారు. పెండ్లిపత్రికలవాళ్లు వీధి మలుపులోనే తిరిగిపోయారు. కండ్లు కనపడని సాయిబుకు ఎవరు పని ఇస్తారు? ఏడాదిలో యంత్రం అమ్ముడుపోయింది. ఏడు పదులకు దగ్గరపడిన మనిషి రోజూ తెల్లవారి బస్సెక్కి పులివెందులకు పోయి, తన వయసులో సగం లేని యజమాని దగ్గర కోత మనిషిగా నిలబడ్డాడు. ఏడేళ్లు నిలబడ్డాడు, నిలబడే పోయాడు. పెద్దమనిషీ, మీరు అన్న నాలుగు మాటలకు ఆయన ఏడేళ్లు బస్సు ప్రయాణం చేశాడు. కూర్చున్నచోటు నుంచి మీకు ఆ దూరం తెలియదు.

గండికోట నుంచి తిరిగి వచ్చిన మరునాడే నేను మామను పట్టుకున్నాను. "మామా, గవాయి ఉండాది గదా! ఆయన సంతకం ఉండాది గదా! తీసి మొగాన కొట్టు," అన్నాను. మేకు మీది మిగతా ముక్కలన్నీ చదునుగా వేలాడుతున్నాయి. ఆ ఒక్క ముక్కను మాత్రం ఆయన అప్పటికే మడిచి, దారంతో గట్టిగా చుట్టి ఉంచాడు. "అది తీస్తే ఒగరికే తగల్దు పాపా," అన్నాడు. కోసినవాడు తానే కాబట్టి తనకూ మాట వస్తుందని భయపడుతున్నాడని నేను అనుకున్నాను. ఆ కోపంలో, "నువ్వు పిరికోనివి మామా," అన్నాను. ఆయన నవ్వి, టీ తెప్పించాడు. తరువాత కూడా ఎన్నోసార్లు అడిగాను, ఎన్నోసార్లు అదే మాట చెప్పాడు. ప్రెస్సు మూసిన రోజున నన్ను వెంటబెట్టుకుని జమ్మలమడుగు వచ్చి, ఇప్పుడు నేను పనిచేసే అంగడి యజమానితో, "ఈ పాప చేతిలో తప్పు పోదప్పా. నా మాట మీద పెట్టుకో," అని చెప్పి చేర్పించాడు. అప్పుడు నాకు మూడేళ్ల కూతురు, చెప్పుకోవడానికి ఇంకో ఆధారం లేదు.

ఇక జనాజా నాటి సంగతి. ఆడదాన్ని, పైగా పరాయి మతం దాన్ని, వీధి మొదట్లో నిలబడి చూశాను. పెద్దమనిషి కారు దిగాడు. జేబురుమాలు తలకు కట్టుకున్నాడు. నాలుగు అడుగులు జనాజాకు భుజం పట్టాడు, ఆ నాలుగు అడుగులూ ఆయన మనిషి ఫోనులో ఫోటోలు తీశాడు. ఐదో అడుగుకు పక్కకు తప్పుకున్నాడు. "మౌలాలి నాకు అన్న లాంటోడు. అట్లాంటి పనిమంతుడు మళ్ల పుట్టడు," అని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాడు. సభకు అధ్యక్షత వహిస్తానని, మైకు, కుర్చీలు, షామియానా తానే పెట్టిస్తానని ఆ వీధిలోనే మాట ఇచ్చాడు. మా అచ్చుపనివాళ్లు చేతులు కట్టుకుని తలలూపారు. ఆ క్షణాన నాకు పట్టిన పగ అంతా ఇంతా కాదు. ఆ మేకు మీది ముక్క తెచ్చి, సభలో నలుగురి ముందు ఆయన మొహాన అంటించకపోతే నేను ఓబులమ్మనే కాదని ఒట్టు పెట్టుకున్నాను.

వారం తరువాత బీబమ్మత్త ఇంటికి పోయాను. అడగకముందే ఆమె లోపలి నుంచి ముక్కల గుత్తి తెచ్చి నా ఒడిలో పెట్టింది. "ప్రెస్సు అమ్మినా గానీ దీన్ని అమ్మనీలేదు పాపా. ఇంట్లో గూడా మేకు కొట్టి తగిలిచ్చినాడు. నాకేం తెలుస్తాది, నువ్వే తీసకపో," అంది. మడిచిన ముక్క అడుగున ఉంది. ఎనిమిదేళ్ల దారం, చేతితో విప్పితే రాలేదు. కత్తెర తీసుకుని తెంచాను.

ఎడమ పక్క మామ పెన్సిలు రాత ఉంది. పై సగం లెటర్, కింది సగం ఏ ఫోర్. దాని పక్కన పెద్దమనిషి 'ఇట్లే కొట్టండి' అని రాసి చేసిన సంతకం. నేను ఎదురుచూసింది అదే. దాని పక్కన, మడత లోపలికి పోయిన చోట, ఎర్ర పెన్నుతో 'సరి' అని ఉంది. కింద 'ఓ' అని పొడి అక్షరం. ఆ రాత నాది.

ఎనిమిదేళ్లుగా నేను మరిచిపోయింది ఆ ఎర్ర సిరాను చూశాక గుర్తొచ్చింది. అతికించే పటాలను అచ్చుకు ముందు కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో గీతలు కలుస్తాయో లేదో చూడాలి. అది నా పని. మా కిటికీ అద్దంలో ఒకసారికి రెండు కాగితాలే పడతాయి కాబట్టి నాలుగు దఫాలు చూడాలి. పై రెండూ, కింది రెండూ, ఎడమ రెండూ, కుడి రెండూ. ఆ రోజు పై రెండూ చూశాను, కలిశాయి. కింది రెండూ చూశాను, కలిశాయి. బయట హారను మోగుతోంది, ఇంటి దగ్గర పసిబిడ్డ ఉంది, జమ్మలమడుగు బస్సు అందుకోవాలి. పైదానికీ కిందిదానికీ కలపకుండానే 'సరి' అని రాసేశాను. మామ ముందుగానే హెచ్చరించిన తప్పును పట్టుకునే ఆఖరి అవకాశం నా చేతిలో ఉండింది, దాన్ని జారవిడిచాను.

ఆ ముక్క బయటపెడితే పెద్దమనిషి ఏం చేసేవాడో మామకు తెలుసు. మైకు నా వైపు తిప్పేవాడు. ఆ తరువాత ఈ మూడూళ్లలో ఏ అంగడీ నాకు కంప్యూటరు ముందు కుర్చీ వేసేది కాదు. ఒకరికే తగలదు అన్న మాటలో రెండోవాళ్లు ఎవరో నేను ఎనిమిదేళ్లు అడగలేదు. పైగా పిరికివాడన్నాను. ఆయన నా తప్పును మడిచి, దారం చుట్టి, నా చేతిలో తప్పు పోదని పరాయివాళ్లకు హామీ ఇచ్చి, బస్సెక్కి పులివెందులకు పోయాడు.

మామా, నువ్వు చేసింది గొప్ప పనే, కానీ న్యాయం కాదు. పాము ఎవరిని మింగాలో వాళ్లనే మింగాలని చెప్పింది నువ్వే. మా ఇద్దరినీ మింగాల్సిన పాము నిన్ను మింగుతుంటే ఊరుకున్నావు. కాగితాన్ని నీలా నిమిరే వేలు ఈ సీమలో ఇంకొకటి లేదు. నీ కోతకు సాటి వచ్చే కోత లేదు. చెవు చినిగిన మేకను కూడా లెక్కలోకి తీసుకునే మనిషి ఇక రాడు. నీ పాదాలకు నమస్కరించి, నీ మాట ఒక్కటి మాత్రం దాటుతున్నాను.

ఈ పుస్తకం నడుమ నాలుగు కాగితాలు పెట్టాను. మన పులిజూదం పటం, నాలుగూ ఒకే కొలతలో. కిటికీ అద్దానికి ఆనించి నాలుగు దఫాలూ చూశాను. కింద గంగన్న బొమ్మ తిరిగి పెట్టాను, అంచున నీ పేరు వేశాను. ఆఖరి పుటలో ఆ గవాయి ముక్కను, మడత విప్పి, కుదించకుండా, పెంచకుండా, ఉన్న కొలతకే అచ్చు వేశాను. రెండు సంతకాలూ స్పష్టంగా కనపడతాయి. చూసుకోండి.

పెద్దమనిషీ, మీ షామియానా కింద, మీ కుర్చీ పక్కన ఇంకొక కుర్చీ వేయమని చెప్పాను. అది నాకు. ఆ ముక్క మీద కూడా మనిద్దరం పక్కపక్కనే ఉన్నాము గదా. ముందు నేను లేచి నా తప్పు చెప్పుకుంటాను. తరువాత మైకు మీ చేతికి ఇస్తాను. గండికోటలో పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకోండి.